మంచి కొరకు దాచిన మాట

ముందుగా ఒక ఒప్పుకోలు. 2008వ సంవత్సరము జూలై నెలాఖరులో ఒక శనివారము మేము భార్యాభర్తలము, మా పెద్దబ్బాయి, ముగ్గురము కంచికచర్లలో బస్సు ఎక్కి విజయవాడ వెళ్ళి సినిమా చూశాము. ఆ సాయంత్రము మా గుడిలో కూటము ఉన్నది. ఎందుకు రారని అడిగిన సంఘపెద్దగారితో "పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్తున్నామండీ" అని చెప్పాము. ఆ పెద్దాయన పాపము, "లవంగ నూనె రాసుకోండి" అని సలహా కూడా ఇచ్చాడు. ఈ అబద్ధము సంగతి మళ్ళీ వస్తుంది గనుక ఇక్కడే చెప్పి ఉంచుతున్నాము.

మా వంటి కుటుంబాలలో సినిమా అంటే ఎట్లా చూస్తారో మీకు తెలియనిది కాదు. మేమిద్దరము పెళ్ళికి ముందు, ఎవరి ఊరిలో వారము, హాలులో చూసిన సినిమా ఒక్కటే. అది 1978లో వచ్చిన "కరుణామయుడు". విజయచందర్ గారు యేసుప్రభువుగా నటించిన ఆ సినిమాకు మా పెద్దలే మమ్మల్ని వెంటబెట్టుకొని వెళ్ళారు. చూస్తూ ఏడ్చారు కూడా. ఆ తరువాత ముప్పై ఏళ్ళు మేము హాలు గడప తొక్కలేదు. అటువంటి మేము ఇంగ్లీషు సినిమాకు, అందులోనూ గబ్బిలము వేషము వేసుకున్న మనిషి సినిమాకు ఎందుకు వెళ్ళామో చెప్పాలి.

మాకు బోరు కింద రెండెకరాల పత్తి చేను ఉన్నది. ఆ ఏడాది వేసవిలో మోటారు దగ్గర రాగి తీగ మూడుసార్లు కోసుకొని పోయారు. మూడోసారి పోయిన వారము రోజులకు, పొలాల దగ్గర తిరుగుతున్నాడని పొరుగూరి కుర్రవాణ్ణి ఒకణ్ణి పట్టుకొని కరెంటు స్తంభానికి కట్టేశారు. పదిహేడు, పద్ధెనిమిదేళ్ళు ఉంటాయేమో. మేము వెళ్ళేసరికి చుట్టూ నలభై మంది ఉన్నారు. మా అబ్బాయి ముందు వరుసలో ఉన్నాడు. మేము చూస్తుండగానే ఆ కుర్రవాడి చెంప మీద రెండుసార్లు కొట్టాడు. మాలో ఒకరము వాడి చెయ్యి పట్టి వెనక్కి లాగాము. కాసేపటికి పోలీసులు వచ్చి ఆ కుర్రవాణ్ణి జీపులో తీసుకొని పోయారు. తీగ కోసినది అతడో కాదో ఈనాటికీ మాకు తెలియదు.

మా అబ్బాయి అప్పుడు ఇంజనీరింగు రెండో సంవత్సరములోకి వచ్చాడు. నెమ్మదైన పిల్లవాడు. సండే స్కూలులో కంఠత వాక్యాలకు ఏటా బహుమతి తెచ్చుకున్నవాడు. వాడి చెయ్యి అట్లా లేస్తుందని మేము ఎన్నడూ అనుకోలేదు. ఇంటికి వచ్చి మందలిస్తే, "మీరు పిరికివాళ్ళు. ఒక్కణ్ణి సరిగ్గా తంతే పదిమంది మానేస్తారు. పోలీసులు ఏం చేస్తారు, రేపే వదిలేస్తారు" అన్నాడు. పగ తీర్చుకొనే పని దేవునికి విడిచిపెట్టుడని పౌలు రోమీయులకు వ్రాసిన పన్నెండవ అధ్యాయము కుటుంబ ప్రార్థనలో వరుసగా మూడు రాత్రులు చదివించాము. వాడు తల వంచుకొని విన్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. నెల రోజులు మాకూ వాడికీ మధ్య మాటలు "అన్నము పెట్టమంటావా", "వద్దమ్మా" వరకే.

ఆ తరువాత హాస్టలు నుండి వచ్చిన ఒక శుక్రవారము వాడే అడిగాడు. "నాన్నా, అమ్మా, మీరు రోజూ నాకు చదివి వినిపిస్తారు, నేను వింటాను. ఒక్కరోజు నేను చూపించేది మీరు చూడండి. ఆ తరువాత తిట్టినా సరే." ఆ రాత్రి మేము చాలాసేపు మాట్లాడుకున్నాము. వాడు మా మాట వినలేదని నెల రోజులుగా బాధపడుతున్నాము. వాడి మాట మేము ఎప్పుడు విన్నాము? వెళదామని నిశ్చయించుకున్నాము.

బస్సు పరిటాల దాటి, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రము పొగ గొట్టాలు కనబడేసరికి వాడు మాకు కథ పూర్వాపరాలు చెప్పసాగాడు. ఈ బ్యాట్‌మన్ అనేవాడు అమెరికాలో 1939లో బొమ్మల కథల పుస్తకాలలో పుట్టాడట. చిన్నతనములోనే అతని తల్లిదండ్రులను ఒక దొంగ కళ్ళ ఎదుట కాల్చి చంపుతాడు. ధనవంతుడైన ఆ పిల్లవాడు పెద్దవాడై, రాత్రిళ్ళు ముసుగు వేసుకొని గోథమ్ అనే నగరములో దుర్మార్గులను శిక్షిస్తుంటాడు. క్రిస్టఫర్ నోలన్ అనే దర్శకుడు ఈ కథను 2005లో ఒక సినిమాగా తీశాడు. మేము చూడబోయే "ది డార్క్ నైట్" దానికి రెండవ భాగము. ఇందులో జోకర్ అనే దుర్మార్గుని వేషము వేసిన హీత్ లెడ్జర్ అనే నటుడు ఆ జనవరిలోనే, సినిమా విడుదల కాకముందే, మందుల మోతాదు మించి చనిపోయాడని కూడా చెప్పాడు. ఇరవై ఎనిమిదేళ్ళు. ఏ తల్లి కన్న బిడ్డయో అని మా మనస్సు చివుక్కుమన్నది. మరుసటి ఏడాది ఆ వేషమునకే అతనికి ఆస్కారు బహుమతి ఇచ్చారు. అందుకొనుటకు అతడు లేడు.

హాలులో చీకటి, చల్లదనము, చెవులు అదిరే శబ్దము. పాటలు లేవు. నవ్వులు ఉన్నా అవి భయపెట్టే నవ్వులే. మా అబ్బాయి మా ఇద్దరి మధ్య కూర్చొని మెల్లగా తెలుగులో చెబుతూ వచ్చాడు. వెనుక సీటువారు రెండుసార్లు విసుక్కున్నారు. మొదటి అరగంటలోనే లేచి వెళదామా అనిపించింది. జోకర్ ముఖానికి సున్నము కొట్టినట్లు రంగు, చెంపల మీద నోటి వరకు మచ్చలు. ఆ మచ్చలు ఎట్లా వచ్చినవో ఒక్కొక్కరికి ఒక్కొక్క కథ చెబుతాడు. అతడు డబ్బు కోసము చంపేవాడు కాదు, గుట్టగా పోసిన డబ్బును తానే తగులబెడతాడు. అతని కోరిక ఒక్కటే. మంచివాళ్ళమని చెప్పుకొనేవాళ్ళను కాస్త గీరితే లోపల తనవంటివాడే ఉంటాడని లోకానికి చూపించాలి. ఈ మాట మా అబ్బాయి చెవిలో చెప్పినప్పుడు మేము ఇక లేచి వెళ్ళలేదు.

పోలీసు స్టేషనులో బ్యాట్‌మన్ జోకర్‌ను కొట్టే ఘట్టము ఒకటి ఉన్నది. ఇద్దరు మనుషులను రెండుచోట్ల బంధించి బాంబులు పెట్టారు, వాళ్ళు ఎక్కడ ఉన్నారో చెప్పించాలి. ఎంత కొట్టినా జోకర్ నవ్వుతూనే ఉంటాడు. చివరకు రెండు చిరునామాలు చెబుతాడు, కానీ తారుమారు చేసి చెబుతాడు. తాను ప్రేమించిన స్త్రీని కాపాడాలని పరుగెత్తిన బ్యాట్‌మన్‌కు అక్కడ వేరొకరు కనబడతారు. ఆమె చనిపోతుంది. కొట్టి రాబట్టిన మాట మీద అంత నమ్మకము పెట్టుకున్నందుకు అది ఫలితము. మేము అబ్బాయి వైపు చూశాము. తెర వెలుతురులో వాడి ముఖము బిగుసుకొని ఉన్నది. కరెంటు స్తంభము మాకే కాదు, వాడికీ జ్ఞాపకము వచ్చిందని అర్థమైంది.

అక్కడ బ్రతికి బయటపడినవాడు హార్వీ డెంట్. అతడు నగరానికి ప్రాసిక్యూటరు. ముసుగు లేకుండా, చట్టము ప్రకారమే దుర్మార్గులను జైలుకు పంపినవాడు. ఊరంతా అతని మీద ఆశ పెట్టుకున్నది. ముఖము సగము కాలిపోయి, పెళ్ళాడదలచిన మనిషిని పోగొట్టుకొని, అతడు పగబట్టి నాణెము ఎగరవేసి మనుషులను చంపుతూ తిరుగుతాడు. దెబ్బ తిన్న మంచివాడు ఎంత త్వరగా తనను కొట్టినవాని వలె మారిపోతాడో చూస్తే ఒళ్ళు జలదరించింది.

ఇక చెప్పవలసినది ఓడల సంగతి. జోకర్‌కు భయపడి జనము నగరము విడిచి రెండు పెద్ద ఓడలలో బయలుదేరుతారు. ఒకదానిలో మామూలు కుటుంబాలు, రెండవదానిలో ఖైదీలు. నడి నీళ్ళలో ఓడలు ఆగిపోతాయి. రెండింటిలోనూ బాంబులు ఉన్నాయి. ఒక్కొక్క ఓడలో ఉన్న మీట నొక్కితే రెండవ ఓడ పేలిపోతుంది. అర్ధరాత్రిలోగా ఎవరో ఒకరు నొక్కకపోతే రెండూ పేలిపోతాయని జోకర్ కబురు. కుటుంబాలున్న ఓడలో చీటీలు వేసి ఓట్లు తీసుకుంటారు. నొక్కమన్నవారే ఎక్కువ. వాళ్ళు ఖైదీలు గదా, వాళ్ళ అవకాశము వాళ్ళు పోగొట్టుకున్నారు గదా అని వాదన. కానీ చీటీ మీద వ్రాసినంత తేలికగా ఎవరూ మీట నొక్కలేకపోతారు. లేచిన ఒక పెద్దమనిషి కూడా మీట చేతిలో పట్టుకొని, మళ్ళీ పెట్టేసి కూర్చుంటాడు. ఖైదీల ఓడలో ఒక భారీ మనిషి, చూస్తేనే భయము పుట్టేవాడు, లేచి అధికారి చేతిలోని మీట అడిగి తీసుకుంటాడు. తీసుకొని కిటికీలో నుండి నీళ్ళలోకి విసిరేస్తాడు.

హాలులో ఒక్కసారి చప్పట్లు. మాకు మాత్రము చప్పట్లు కొట్ట చేతులు రాలేదు. స్తంభము చుట్టూ నిలబడిన నలభై మందిలో కట్టబడినవాడు ఒక్కడే దొంగ అనుకున్నాము. చేతులు కట్టుకొని చూసినవాళ్ళమంతా చీటీ మీద ఓటు వేసినవాళ్ళమే గదా. మనకు బదులు ఇంకొకడు కొడితే బాగుండునని కోరుకొనుట మన చెయ్యి శుభ్రముగా ఉంచుకొనే పద్ధతి.

చివరకు డెంట్ ఒక పోలీసు అధికారి కొడుకును చంపబోతాడు. బ్యాట్‌మన్ ఆ పిల్లవాణ్ణి కాపాడే ప్రయత్నములో డెంట్ కింద పడి చనిపోతాడు. డెంట్ హంతకుడయ్యాడని తెలిస్తే ఊరు ఆశ కోల్పోతుందని, ఆ హత్యలన్నీ తన మీద వేసుకొని బ్యాట్‌మన్ చీకటిలోకి పారిపోతాడు. గోర్డన్ అనే ఆ పోలీసు అధికారి ఆ అబద్ధమునకు ఒప్పుకుంటాడు. ఊరి మంచి కొరకు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని మా అబ్బాయి అడిగాడు. "ఒకడు చేసిన పాపము ఇంకొకడు మీద వేసుకున్నాడు. ఇది సిలువ లాగా లేదా నాన్నా?" మంచి ప్రశ్న. మాకు వెంటనే జవాబు దొరకలేదు. వాడే మళ్ళీ, "కానీ అబద్ధము చెప్పి వేసుకున్నాడు. మీరు పళ్ళ డాక్టరు అన్నట్టు" అని నవ్వాడు. నెల రోజుల తరువాత వాడి నవ్వు. దానిని చూసి సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియలేదు.

ఇంటికి వచ్చి అన్నాలు తిన్నాక ప్రార్థనకు కూర్చున్నాము. ఆ రాత్రి, ఎన్నడూ మా పిల్లలకు చెప్పని సంగతి ఒకటి వాడికి చెప్పాము.

1968లో మన కంచికచర్లలోనే కోటేశు అనే దళిత యువకుణ్ణి, దొంగతనము చేశాడని నింద మోపి, కట్టివేసి, ప్రాణాలతో తగులబెట్టారు. దేశమంతా మన ఊరి పేరు విన్నది ఆ సంగతి వలననే. తరువాత తెలుగు కవిత్వములో కోటేశు పేరు నిలిచిపోయింది. మాలో ఒకరికి అప్పుడు ఏడేళ్ళు. పగటి వేళ తలుపులు వేసుకొని పెద్దవాళ్ళు గుసగుసలాడుకొనుట, పొయ్యి వెలిగించవద్దని అమ్మ అనుట, అంతవరకే జ్ఞాపకము. ఆ తరువాత ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మేము పెద్దవాళ్ళమై, పిల్లలను కని, అదే పద్ధతి పాటించాము. పిల్లల మనస్సులు పాడవుతాయని, ఊరిలో అందరితో కలిసి బ్రతకాలి గదా అని, ఊరి పేరు మళ్ళీ చెడుతుందని. అన్నీ మంచి కారణాలే. గోర్డన్ చెప్పిన కారణము వంటివే.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "స్తంభము దగ్గర నిలబడినప్పుడు ఇది నాకు తెలిసి ఉంటే, నేను చెయ్యి ఎత్తేవాణ్ణా?" అన్నాడు. ఆ ప్రశ్న మమ్మల్ని ఇప్పటికీ వదలలేదు. వాక్యము మూడు రాత్రులు చదివించాము గాని, మన ఊరిలో ఆ వాక్యము మీరిన వాళ్ళ చేతులు ఏమి చేసినవో చెప్పలేదు. చెప్పి ఉంటే వాడికి వాక్యము పుస్తకములోని అక్షరము గాక, మన వీధిలోని సంగతి అయ్యేది.

మరుసటి ఆదివారము ఆరాధన అయ్యాక సంఘపెద్దగారి దగ్గరకు, అయ్యగారి దగ్గరకు వెళ్ళి, పళ్ళు బాగానే ఉన్నవని, సినిమాకు వెళ్ళామని ఒప్పుకున్నాము. పెద్దగారు మొదట ముఖము ముడుచుకున్నారు. తరువాత, "లవంగ నూనె సీసా కొని పెట్టానయ్యా మీ కోసము" అనేసరికి ముగ్గురమూ నవ్వుకున్నాము. అయ్యగారు మాత్రము కూర్చోబెట్టి అంతా విన్నారు. సిలువ సంగతి అడిగితే, సమూయేలు రెండవ గ్రంథము పదకొండు, పన్నెండు అధ్యాయాలు చదివి రమ్మన్నారు. దావీదు చేసిన పాపము, నాతాను వచ్చి గొర్రెపిల్ల కథ చెప్పి రాజును నిలదీయుట అక్కడ ఉన్నవి. "దావీదు కంటే ఇశ్రాయేలుకు ఆశ కల్పించిన రాజు ఎవరు? అయినా దేవుడు ఆయన తప్పును దాచనివ్వలేదు. వ్రాయించి పెట్టాడు. సిలువ మీద కూడా పాపము దాచబడలేదు, అందరి ఎదుటా బయటపడి, అప్పుడు క్షమించబడింది. మీ ముసుగు మనిషికీ మన ప్రభువుకూ ఉన్న తేడా అది" అన్నారు. మా అబ్బాయి కాగితము మీద వ్రాసుకున్నాడు.

ఆ వారములోనే వాడు తనంతట తాను పోలీసు స్టేషనుకు వెళ్ళి ఆ కుర్రవాణ్ణి గురించి అడిగాడు. వదిలేశామని చెప్పారు. పొరుగూరు వెళ్ళి విచారిస్తే, ఆ కుటుంబము పనులకు వలస వెళ్ళిందని, ఎటు వెళ్ళారో తెలియదని ఇరుగుపొరుగు చెప్పారు. క్షమాపణ అడగాలని వెళ్ళినవాడు అడగకుండానే తిరిగి వచ్చాడు. కథలలో అయితే ఆ కుర్రవాడు ఎదురై ఉండేవాడు. మా ఇంట్లో మాత్రము ప్రతి రాత్రి ప్రార్థనలో పేరు తెలియని ఒక కుర్రవాని కొరకు ఒక మాట చేరింది. ఇన్నేళ్ళయినా అది తీసివేయలేదు. రాగి తీగ ఆ తరువాత కూడా ఒకసారి పోయింది. మళ్ళీ కొనుక్కున్నాము.

నాలుగేళ్ళకు, 2012 జూలైలో మూడవ భాగము వచ్చింది. అప్పటికి మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్నాడు. చూసి వచ్చి ఆ రాత్రే ఫోను చేశాడు. "నాన్నా, ఆ అబద్ధము బయటపడింది. ఎనిమిదేళ్ళు ఊరు ప్రశాంతముగా ఉన్నది, కానీ ఆ ప్రశాంతత దాని మీద కట్టినది. గోర్డన్ నిజము వ్రాసి పెట్టుకున్న కాగితము ఒక దుర్మార్గుని చేతిలో పడింది, వాడు అందరి ఎదుటా చదివాడు. ఊరు కూలింది." నిజమును మనము చెప్పకపోతే శత్రువు చెబుతాడు. మనము ప్రేమతో చెప్పవలసినది వాడు ద్వేషముతో చెబుతాడు.

అదే సినిమా విడుదలైన రోజున అమెరికాలోని అరోరా అనే ఊరిలో, అర్ధరాత్రి ఆట జరుగుతుండగా ఒకడు హాలులోకి వచ్చి తుపాకితో పన్నెండు మందిని చంపాడు. ఆ వార్త వచ్చినప్పుడు మా సంఘములో ఒకరు, "చూశారా, ఇటువంటి సినిమాల వలన" అన్నారు. మేము వాదించలేదు. పసిపిల్లలను అటువంటి చీకటి సినిమాలకు తీసుకొని వెళ్ళమని మేము చెప్పబోము. మా చిన్నమ్మాయి అప్పట్లో తొమ్మిదో తరగతి, దానిని తీసుకొని వెళ్ళలేదు. వయస్సు వచ్చిన పిల్లలు మాత్రము మనము వద్దన్నా చూస్తారు. ఇప్పుడైతే అరచేతిలోని ఫోనులోనే చూస్తున్నారు. చూసినది ఎవరితో మాట్లాడుకుంటారు అన్నదే తల్లిదండ్రులుగా మన పని. ఆ మూడు గంటలు వాడి పక్కన కూర్చొనకపోతే, స్తంభము మాట వాడూ ఎత్తేవాడు కాదు, కోటేశు మాట మేమూ ఎత్తేవాళ్ళము కాము.

ఈ మధ్య సెలవులకు వచ్చిన మా మనుమరాలు ఊరంతా తిరిగి వచ్చి, "తాతయ్యా, మన ఊరు దేనికి ఫేమస్?" అని అడిగింది. మేము ఒకరి ముఖము ఒకరము చూసుకున్నాము. మా అబ్బాయి దానిని ఒడిలోకి తీసుకొని, "పత్తికీ, మిరపకాయలకూ. ఇంకొక సంగతి కూడా ఉన్నది. నీకు ఇంకో నాలుగేళ్ళు రానీ, నేనే చెబుతాను" అన్నాడు.

చెబుతాడు. ఆ నమ్మకము మాకున్నది. ప్రియులారా, మీ ఇంట్లో, మీ ఊరిలో మంచి కొరకని దాచిపెట్టిన మాట ఏదైనా ఉంటే, ఈ రాత్రి ప్రార్థన అయిన తరువాత దీపము ఆర్పకముందు ఒకసారి ఆలోచించండి. చెప్పుటకు తగిన మాటలు ప్రభువే ఇచ్చునుగాక.